ఎక్కితే కొండ, దిగితే గోడ

జపాన్ ఈశాన్య తీరంలో, మియాకో పట్టణం దాటాక, అనెయోషి అనే పల్లె ఉంది. పట్టుమని పదిహేను గడపలు కూడా ఉండవు. కింద చిన్న రేవు. అక్కడి నుంచి లోయ వెంట పైకి ఒక సన్నని రోడ్డు. ఎక్కుతూ పోతే పక్కన ఛాతీ ఎత్తు రాయి ఒకటి కనిపిస్తుంది. ఇక్కడికి దిగువన ఇల్లు కట్టొద్దని దాని మీద చెక్కి ఉంది. చెక్కించినవాళ్లు ఊరికే అనలేదు. 1896 సునామీకి ఆ ఊళ్లో మిగిలింది ఇద్దరే ఇద్దరు. కూడదీసుకుని మళ్లీ ఇళ్లు కట్టుకుంటే 1933లో ఇంకోటి వచ్చింది. ఈసారి నలుగురు మిగిలారు. అప్పటికి గానీ ఊరు పైకి జరగలేదు. 2011 మార్చి 11న సముద్రం ఈ లోయలోకి చొరబడి 40.5 మీటర్ల ఎత్తుదాకా ఎగబాకింది. ఆ రోజు తీరమంతటా కొలిచిన ఎత్తుల్లో అదే గరిష్ఠం. అయినా రాయిని తాకకముందే ఆగింది. పైనున్న ఇళ్లన్నీ చెక్కుచెదరకుండా నిలిచాయి. ఆ వేళకు పనుల మీద బయటికి వెళ్లినవాళ్లు మాత్రం అందరూ తిరిగి రాలేదు.

ఆ పల్లె మీదుగా ఇప్పుడు మిచినోకు తీర కాలిబాట పోతోంది. ఉత్తరాన అమోరి ప్రిఫెక్చర్‌లోని హచినోహె దగ్గర మొదలై, ఇవాటె, మియాగి తీరాలు దాటి, దక్షిణాన ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లోని సోమా దగ్గర ముగుస్తుంది. మొత్తం 1,025 కిలోమీటర్లు. ఆంధ్ర తీరం పొడవు 974 కిలోమీటర్లని బడిలో బట్టీపట్టాం. ఈమధ్య కేంద్రం కొత్తగా లెక్కగట్టి 1,053 అంది. కాబట్టి ఇచ్ఛాపురం దగ్గర బయల్దేరి తడ దాకా ఒడ్డు వదలకుండా నడిచినంత దూరమన్నమాట. కాకపోతే మన తీరం చాలామటుకు చదును. వాళ్లది అలా కాదు.

ఈ దారి వెనక ఒక మనిషి కథ ఉంది. నొరియొషి కాటో అనే రచయిత పుస్తక ప్రచురణ సంస్థలో ఉద్యోగం మానేసి కొండల్లో కాపురం పెట్టినవాడు. నడకే ఆయన వ్యాపకం. అమెరికా వెళ్లి జాన్ మ్యూర్ ట్రెయిల్ నడిచాడు. 2005లో అప్పలేచియన్ ట్రెయిల్ 3,500 కిలోమీటర్లూ ఒక్క ఊపున పూర్తిచేశాడు. జపాన్‌లో పొడవాటి కాలిబాటలు రావాలని ఊదరగొట్టినవాళ్లలో ముందువరసలో ఉన్నాడు. అంత నడిచిన మనిషికి ఏఎల్ఎస్ వచ్చింది. కండరాలు ఒక్కొక్కటే మాట వినడం మానేసే జబ్బు అది. సునామీ వచ్చేనాటికే ఆయనకు ఆ సంగతి తెలుసు. దెబ్బతిన్న తీరం పొడవునా ఒక కాలిబాట వేయండని పర్యావరణ మంత్రిత్వశాఖకు చెప్పింది ఆ స్థితిలోనే. ప్రభుత్వం తలకెత్తుకుంది. 2013 మేలో పాత తీర ఉద్యానవనాన్ని పెంచి ‘సాన్రికు పునర్నిర్మాణ జాతీయ ఉద్యానవనం’ అని పేరు పెట్టింది. ఆ నవంబర్లో కాలిబాట తొలి భాగం తెరిచింది. కాటో ఏప్రిల్లోనే పోయాడు. మొత్తం దారి పూర్తయింది 2019 జూన్ 9న.

సునామీలో చనిపోయినవాళ్లు దాదాపు 15,900 మంది. దొరకనివాళ్లు ఇప్పటికీ రెండున్నర వేల మంది దాకా. ఊళ్లకు ఊళ్లు పునాదులతో మిగిలాయి. అలాంటిచోట జనానికి కావాల్సింది ఇళ్లు, పడవలు, ఆసుపత్రి. కాలిబాట ఏం చేసుకోను అని ఎవరైనా అడిగి ఉంటే తప్పుపట్టలేం. ఆ ప్రశ్నకు జవాబు ఈ తీరం ఆకారంలోనే ఉందని నాకనిపిస్తుంది.

మియాకోకు ఉత్తరాన నేల పైకి లేచి నిట్టనిలువు కొండగోడలైంది. కితయామజాకి దగ్గర అవి రెండొందల మీటర్లు ఉంటాయి. దక్షిణాన నేల కుంగింది. లోయల్లోకి సముద్రం చొచ్చుకొచ్చి మడతలు మడతలుగా అఖాతాలైంది. ఒక్కో అఖాతం ఒక్కో గరాటు. నోటి దగ్గర వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. మామూలు రోజుల్లో ఆ ఇరుకే వరం: గాలి ఉండదు, నీరు నిలకడ, ఆల్చిప్పలూ వకామె నాచూ పెంచుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. సునామీ రోజున లోపలికొచ్చిన నీటికి పక్కకు పోయే దారి ఉండదు. పైకే లేస్తుంది. జనం ఉండేది సరిగ్గా ఆ గరాటు కొసన.

కాబట్టి ఈ కాలిబాట మీద పొద్దస్తమానం ఎక్కడం, దిగడమే పని. ఎక్కితే పైన్ చెట్లు, ఎలుగులు. నడిచేవాళ్లు సంచికి చిరుగంట కట్టుకుంటారు, అడుగు అడుగుకీ మోగి ఎలుగుబంటికి ముందే కబురందుతుందని. దిగితే రేవు, వలలు, పడవలు, కాంక్రీటు గోడ. ఆ గోడకున్న తలుపులోంచి ఊళ్లోకి పోయి, ఊరు దాటి, మళ్లీ ఎక్కడం. తనొహత దగ్గర కొండను చేత్తో తొలిచిన చీకటి సొరంగాలుంటాయి, టార్చి వేసుకుని తల వంచుకుని పోవాలి. అన్నీ ఇలాంటి సాహసాలే అనుకోవద్దు. చాలాచోట్ల తారురోడ్డు పక్కన లారీల హోరులో నడవాల్సిందే. ఆ తారురోడ్డు మీదే అసలు విశేషం ఒకటుంది. జాతీయ రహదారి 45 అఖాతంలోకి దిగేచోట నీలిరంగు బోర్డు: గతంలో సునామీ ముంచిన భాగం ఇక్కడ మొదలు. ఊరు దాటి గుట్ట ఎక్కేచోట ఇంకోటి: ఇక్కడితో సరి. కారులో పోయేవాడికి ఆ రెండు బోర్డుల మధ్య పట్టేది రెండు నిమిషాలు. నడిచేవాడికి అరగంట, ఒక్కోసారి గంట. ఆ గంటసేపూ కళ్లు తెలియకుండానే పక్కకు పోతాయి. గుడి మెట్లు ఎక్కడున్నాయి? బడి వెనక దారి ఉందా? ఇప్పుడు భూమి కదిలితే ఎటు పరుగెత్తాలి? రోజుల తరబడి నడిస్తే ఎత్తు అనేది అంకెగా ఉండదు, పిక్కల్లోకి దిగుతుంది.

ఆ ఎత్తు కోసం పోట్లాడిన పెద్దమనిషి ఒకరు ఫుదాయ్ గ్రామంలో ఉండేవారు. పేరు కొటోకు వామురా. 1933 సునామీని కళ్లారా చూశారు. రెండు సునామీల్లో కలిపి ఆ ఊరు 439 మందిని పోగొట్టుకుంది. గ్రామ మేయరయ్యాక ఆయన పట్టిన పట్టు ఒకటే: గోడ పదిహేనున్నర మీటర్లు ఉండాలి. 1896లో వచ్చిన కెరటం పదిహేను మీటర్లని ఊళ్లో పెద్దలు చెప్పుకునేవారు, అదీ ఆయన లెక్క. ముందు ఒక గోడ కట్టించారు. తర్వాత నదికి అడ్డంగా 205 మీటర్ల పొడవున గేట్లు. మూడు వేల జనాభా ఉన్న ఊరికి 356 కోట్ల యెన్ల ఖర్చేమిటని నానా మాటలూ అన్నారు. 1984లో పని పూర్తయింది. 1997లో ఆయన కాలం చేశారు. 2011లో కెరటం ఆ గేటును దాటి కొంత లోపలికొచ్చింది గానీ ఊరి దాకా రాలేకపోయింది. ఆ రోజు మీట నొక్కితే పెద్ద గేట్లు మూసుకున్నా పక్క తలుపులు మొరాయించాయి. అగ్నిమాపక సిబ్బంది పరుగున వెళ్లి చేతులతో మూశారు. ఫుదాయ్‌లో చనిపోయినవాళ్లు లేరు. పడవ ఎలా ఉందో చూసొస్తానని గేటు అవతలికి వెళ్లిన ఒక్కరు మాత్రం దొరకలేదు.

ఈ కథ వినగానే గోడ కడితే చాలన్న ధీమా వస్తుంది. దక్షిణంగా నడిస్తే తారో వస్తుంది. ఆ ధీమా అక్కడితో సరి. తారో 1896లో 1,859 మందిని, 1933లో 911 మందిని పోగొట్టుకుంది. కసితో గోడ కట్టుకుంది. పది మీటర్ల ఎత్తు, దాదాపు రెండున్నర కిలోమీటర్ల పొడవు. జనం దాన్ని మహాకుడ్యం అనేవారు. విదేశాల నుంచి ఇంజనీర్లు చూడ్డానికి వచ్చేవారు. 2011లో కెరటం దాని మీదుగా దూకింది. ఊళ్లో రెండొందల ప్రాణాల దాకా పోయాయి. గోడ ఉందిలే అనుకుని ఇంట్లోనే ఉండిపోయినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పైగా గోడ అడ్డంగా ఉంటే సముద్రం ఏం చేస్తోందో కనిపించదు కదా.

ఈ తీరంలో ‘తెందెంకో’ అని ఒక పాత సుద్ది ఉంది. భూమి కంపిస్తే ఎవరి ప్రాణం వాళ్లు పట్టుకుని కొండెక్కాలి, ఒకరి కోసం ఒకరు ఆగకూడదు. వినడానికి కర్కశంగా ఉంటుంది. అవతలివాళ్లూ తప్పక ఎక్కుతారన్న నమ్మకం ఇంటిల్లిపాదికీ ఉంటేనే అది పనిచేస్తుంది. కమైషి పట్టణంలోని ఉనొసుమాయ్‌లో బడిపిల్లలు దాన్ని చేసి చూపించారు. హైస్కూలు పిల్లలు ముందు అనుకున్న చోటికి పరుగెత్తారు. అది చూసి పక్కనున్న చిన్నబడి పిల్లలు మూడో అంతస్తు దిగి వాళ్లతో కలిశారు. చేరినచోట వెనక కొండచరియ విరిగింది. ఇది చాలదని ఇంకా పైకి పోయారు. అదీ చాలదని మళ్లీ పైకి. పెద్దపిల్లలు చిన్నవాళ్ల చేతులు పట్టుకున్నారు. అదే ఉనొసుమాయ్‌లో విపత్తు నివారణ కేంద్రమని పేరున్న భవనంలో తలదాచుకున్న నూట అరవై మంది దాకా చనిపోయారు. అది సునామీ ఆశ్రయం కాదు. కానీ అంతకుముందు కసరత్తులన్నీ అక్కడే జరిపారు, ముసలివాళ్లకు కొండెక్కడం కష్టమని, దగ్గరైతే పదిమందీ వస్తారని. మంచి ఉద్దేశమే. బడి ఉన్న స్థలంలో ఇప్పుడు స్టేడియం ఉంది. 2019 రగ్బీ ప్రపంచకప్‌లో ఫిజీ, ఉరుగ్వే జట్లు ఆడింది అక్కడే.

మన దగ్గర 1977 నవంబర్ 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో ఎక్కడానికి కొండే లేదు. కృష్ణా డెల్టా అంతా అరచేయి. ఆ తర్వాతే మన తీరంలో స్తంభాల మీద లేపిన తుఫాను షెల్టర్లు వచ్చాయి. కొండ లేనిచోట కట్టుకున్న కొండలవి.

మళ్లీ మిచినోకుకు వద్దాం. నడిస్తే గుండెభారం దిగుతుందని చెప్పే పుస్తకాలు ఇప్పుడు కొల్లలు. బాగా అమ్ముడుపోతాయి కూడా. నడిస్తే నిద్ర పడుతుంది, ఆకలేస్తుంది, కాదనను. కానీ ఇల్లూ పిల్లా పోయినవాడికి నడక మందని చెప్పడం ఒడ్డున కూర్చున్నవాడి మాట. ఈ దారి గీసినవాళ్లు అలాంటి హామీ ఇవ్వలేదు. విపత్తు జ్ఞాపకాన్ని ముందుతరాలకు అందించడం తమ ఉద్దేశాల్లో ఒకటని మాత్రం రాసుకున్నారు. అది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే నడిచేవాడి జేబు చూడాలి. బస్సులో వచ్చినవాడు రికుజెన్‌తకటాలో ఒంటరి పైన్ చెట్టు దగ్గర దిగుతాడు. డెబ్బై వేల చెట్ల తోపులో మిగిలిన ఒకే ఒక్కటి అది. ఉప్పు తిని అదీ చచ్చిపోతే లోపల కార్బన్ ఫైబర్ దండం దూర్చి నిలబెట్టారు. ఫోటో తీసుకుని గంటలో వెళ్లిపోతాడు. నడిచేవాడికి అలా కుదరదు. ప్రతి రాత్రీ ఒక కప్పు కావాలి, ప్రతి పూటా ఒక ముద్ద కావాలి. ఆ పల్లెల్లో ‘మిన్షుకు’ అని ఇంట్లోనే బస ఇచ్చే చోట్లుంటాయి. రాత్రి భోజనం దగ్గర కూర్చున్నాక, ఎక్కణ్ణుంచి నడిచొచ్చావని వాళ్లు అడుగుతారు, సునామీ వచ్చినప్పుడు మీరెక్కడున్నారని వీడు అడుగుతాడు. చెప్పాలనుకుంటే చెబుతారు. అయినవాళ్లతో చెప్పుకోలేనిది, రేపు పొద్దున్నే వెళ్లిపోయే పరాయివాడికి చెప్పడం తేలిక.

వినేవాడు లేకపోయినా చెప్పుకోవాల్సి వస్తుంది కొందరికి. ఒట్సుచి అని మేయర్‌తో సహా ఎందరో పురపాలక ఉద్యోగులను సముద్రం తీసుకుపోయిన ఊరు. ఆ ఊరి పొలిమేరలో గుట్ట మీద ఒక ఇంటి తోట, తోటలో తెల్ల చట్రం, అద్దాల టెలిఫోన్ బూత్. లోపల నల్లటి పాతకాలం ఫోను, వేలు పెట్టి తిప్పే రకం. పక్కన నోటు పుస్తకం. ఫోను తీగ ఎక్కడికీ పోదు. ఇతారు ససాకి అనే తోటమాలి, కేన్సర్‌తో పోయిన దాయాదితో మాట్లాడుకోవడానికి 2010లో దాన్ని పెట్టుకున్నాడు. సునామీ తర్వాత అందరికీ తలుపు తీశాడు. వేలమంది వచ్చారు, వస్తున్నారు. కొందరు నంబరు తిప్పి, ఊళ్లో ఎవరికి ఇల్లు వచ్చిందో, పిల్లవాడు ఏ తరగతికి వచ్చాడో చెప్పి పెట్టేస్తారట. కొందరు రిసీవర్ పట్టుకుని ఏమీ మాట్లాడరట.

ఇంకా కిందికి, కెసెన్నుమ దగ్గర కరకువా ద్వీపకల్పంలో మోనె అనే చిన్న అఖాతం. షిగెయత్సు హతకెయామ అనే ఆల్చిప్పల రైతు ఊరది. అఖాతంలో ఎర్రనాచు పట్టి ఆల్చిప్పలు పాడైపోతుంటే, రోగం సముద్రంలో లేదు, నది పుట్టే కొండలో ఉందని ఆయన గ్రహించారు. 1989లో పడవలవాళ్లను వెంటబెట్టుకెళ్లి కొండ మీద చెట్లు నాటించారు. జనం నవ్వారు, తర్వాత బడిపిల్లల పాఠాల్లో పెట్టారు. సునామీ ఆయన తెప్పలను, పడవలను, తల్లిని తీసుకుపోయింది. అయినా ఆ అఖాతంలో గోడ వద్దని ఊరు తీర్మానించింది. ఇళ్లు పైన కట్టుకుంటాం, నీళ్లనీ నేలనీ విడదీయొద్దు అంది. ప్రభుత్వం ఈ తీరం వెంట 400 కిలోమీటర్ల దాకా గోడలు లేపుతున్న రోజుల్లో అలా అనడానికి గుండె కావాలి. ఒనగావా పట్టణం కూడా సముద్రాన్ని కనుమరుగు చేసే గోడ వద్దనుకుంది. నేలనే మెత్తి ఎత్తుచేసి, పైన వీధులు వేసుకుంది. షిగెరు బాన్ కట్టిన కొత్త రైల్వేస్టేషన్ మేడ మీద వేన్నీళ్ల స్నానశాల ఉంది. రైలు దిగి స్నానం చేసి తిన్నగా చూస్తే సముద్రం కనిపిస్తుంది. గోడ కట్టిన ఊళ్లది తప్పని నేననను. 14.7 మీటర్ల గోడ నీడలో నడుస్తుంటే సముద్రం పక్కనే ఉండి కూడా వినబడదు, అంతే.

కాళ్లు మొరాయిస్తే రైలుంది. సాన్రికు రైల్వే సునామీ వచ్చిన ఐదో రోజుకే ఒక ముక్క మీద బండి నడిపింది, టికెట్ లేకుండా. 2019 మార్చిలో చివరి తెగిన భాగమూ అతుక్కుని ఇప్పుడు కుజి నుంచి ఒఫునాతో వైపు 163 కిలోమీటర్లు ఒకే గీతగా పోతోంది. రెండు స్టేషన్ల మధ్య నడిచి, మూడోదానికి రైల్లో పోయేవాళ్లూ ఉంటారు. ఏకబిగిన నడిచేవాళ్లకు నెలన్నర, రెండు నెలలు పడుతుంది. మ్యాపులు, బసల సమాచారం నతోరి ట్రెయిల్ సెంటర్‌లో ఇస్తారు. ఏడొందల మందికి పైగా పోయిన యురియాగె ఒడ్డునే కట్టారు దాన్ని. కాలిబాట సోమాలో ఆగేచోటు నుంచి ఫుకుషిమా అణు కర్మాగారం దాదాపు 45 కిలోమీటర్లు. చాలాకాలం అంతకు మించి నడిచే దారి లేదు. 2023లో ఫుకుషిమా వాళ్లు తమ తీరం వెంట ఇవాకి దాకా 200 కిలోమీటర్ల ఇంకో కాలిబాట తెరిచారు.

ఇంత దూరం వద్దు, ఒక్కచోటు చాలు అనేవాళ్లకు నేను తారో పేరే చెబుతాను. అక్కడ తారో కాంకో హోటల్ అని ఆరంతస్తుల భవనం ఉంది. కెరటం నాలుగో అంతస్తు దాకా వచ్చింది. కింది రెండంతస్తుల్లో గోడలు లేవు, తుప్పుపట్టిన ఇనుప స్తంభాలే. అలాగే ఉంచేశారు. ఆ రోజు హోటల్ యజమాని ఆరో అంతస్తు కిటికీలోంచి వీడియో తీశాడు. మహాకుడ్యం వెనక ఊరు, రోడ్డు మీద ఇంకా నడుస్తున్న జనం, గోడ మీద తెల్లటి గీత. తర్వాత ఏమైందో ఆ గదిలోనే, ఆ కిటికీ పక్కనే కూర్చోబెట్టి చూపిస్తారు. ఊరి గైడు దగ్గరుండి చెబుతారు. ఆ వీడియో ఇంకెక్కడా దొరకదు. చూడాలనుకున్నవాళ్లు తారో వచ్చి, ముందుగా పేరు రాయించుకుని, ఆ మెట్లు ఎక్కాల్సిందే.